ఒక్క మైలూ తిరగని స్టెప్నీని ఎందుకు తీసేయించాను: ఒక ట్రావెల్ ట్రైలర్ కేస్ స్టడీ

2024 మార్చి రెండో వారంలో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో స్థిరపడిన తెనాలి దంపతులు నాకు కబురు చేశారు. ఏప్రిల్‌లో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు బయలుదేరేలోపు తమ ట్రావెల్ ట్రైలర్‌ను ఒకసారి చూసిపెట్టమన్నారు. బేరింగులకు గ్రీజు పెట్టడం, బ్రేకులు సరిచూడడం, నాలుగు చక్రాల గాలి చూడడం, వారు అడిగిన పని ఇంతే. వెనక బంపరు మీద కవరు కప్పుకొని ఉన్న అయిదో చక్రం, అంటే స్టెప్నీ, ఆ జాబితాలో లేదు. నేను ఈ కేసు రాస్తున్నది ఆ అయిదో చక్రం గురించే. అది బండితో పాటు వచ్చింది మొదలు నేలను తాకలేదు, గ్రిప్పు కొంచెం కూడా అరగలేదు, గాలి పట్టి చూస్తే నిలిచింది. అయినా దాన్ని తీసేయమని చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఏం చూశాను, ఏం లెక్క వేశాను, దేన్ని కొలవలేకపోయాను అన్నది ఇలాంటి ట్రైలర్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నేను 11 ఏళ్లుగా డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఇళ్ల దగ్గరికే వెళ్లి ట్రైలర్ల చక్రాలు, బేరింగులు, బ్రేకుల పని చేస్తున్నాను. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ లారీ టైర్ల షాపులో 7 ఏళ్లు ఉన్నాను. ఇక్కడివాళ్లు స్పేర్ అంటారు గానీ నాకూ, నా తెలుగు కస్టమర్లకూ అది స్టెప్నీయే. ఆ మాట వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో ఉన్న స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. కార్లను అదనపు చక్రం లేకుండానే అమ్ముతున్న కాలంలో, 1904లో, థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన అక్కడ అదనపు చక్రం తయారీ మొదలుపెట్టాడు. ఆ వీధి పేరు 120 ఏళ్ల తర్వాత కూడా మన లారీ షెడ్లలో వినబడుతోంది.

ఆటోనగర్‌లో నేను నేర్చుకున్న స్టెప్నీకీ, ఇక్కడ చూస్తున్న స్టెప్నీకీ ఒక పెద్ద తేడా ఉంది. లారీ స్టెప్నీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. నెలకో రెండు నెలలకో ఏదో ఒక చక్రం పంచరవుతుంది, స్టెప్నీ ఇరుసెక్కుతుంది, పంచరు వేసిన టైరు స్టెప్నీ అవుతుంది. అందువల్ల అక్కడ అది చాలావరకు అరిగిపోయిన టైరే గానీ వాడకుండా ముసలిదైన టైరు కాదు. ట్రావెల్ ట్రైలర్ ఏడాదికి 3,000 మైళ్లు తిరిగితే గొప్ప. మిగతా రోజులన్నీ ఇంటి పక్కనో, అద్దె స్థలంలోనో ఎండలో నిలబడి ఉంటుంది. అక్కడ స్టెప్నీ అరిగి పోయేది, ఇక్కడ నిలబడి నిలబడి పోతుంది. చేత్తో తడిమి, గ్రిప్పు చూసి టైరు సంగతి చెప్పే అలవాటు ఉన్న నాలాంటి వాడికి ఈ తేడా ఒంటబట్టడానికి కొన్నేళ్లు పట్టింది.

బండి, బరువు

ట్రావెల్ ట్రైలర్ అంటే పికప్ ట్రక్కు వెనక తగిలించుకొని లాక్కెళ్లే చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉంటాయి, ఇంజను మాత్రం ఉండదు. ఈ కేసులోని బండి 2016 మోడల్, 26 అడుగుల పొడవు, రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. సామానుతో కలిపి దాని మొత్తం బరువు 7,600 పౌండ్లు మించకూడదని కంపెనీ పలక మీద ఉంది. ఈ దంపతులు దాన్ని 2020లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2021 వేసవిలో నాలుగు టైర్లూ మార్పించారు. బండితో వచ్చినవి ఎస్‌టీ225/75ఆర్15 సైజులో లోడ్ రేంజ్ డి టైర్లు కాగా, కొత్తగా వేయించినవి అదే సైజులో లోడ్ రేంజ్ ఇ. ఎస్‌టీ అంటే ట్రైలర్ల కోసమే చేసిన టైరు అని గుర్తు, లోడ్ రేంజ్ అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం. ఈ సైజులో డి టైరు 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి మీద 2,540 పౌండ్లు మోస్తుంది, ఇ టైరు 80 పీఎస్ఐ మీద 2,830 పౌండ్లు మోస్తుంది. ఆనాడు షాపువాళ్లు అయిదోది కూడా మారుద్దామా అని అడిగారట. “అది కొత్తదే కదా, ఉండనివ్వండి” అన్నానని ఆ ఇంటాయనే నాతో చెప్పారు.

ప్రయాణానికి సర్దినట్టే సామాను సర్ది, నీళ్ల ట్యాంకు సగం నింపి, నా దగ్గరున్న తూకం పలకల మీద ఒక్కో చక్రాన్ని విడివిడిగా తూచాను. వంటగది, బయటికి జరిగే గోడ రెండూ ఎడమ వైపు ఉండడంతో అటు చక్రాల మీద 1,650, 1,600 పౌండ్లు, కుడి వైపు 1,480, 1,510 పౌండ్లు పడ్డాయి. ట్రక్కు కొక్కెం మీద పడిన 860 పౌండ్లు కలిపితే మొత్తం 7,100. కాగితం మీద చూస్తే స్టెప్నీగా మిగిలిన పాత డి టైరు కూడా ఏ చక్రం స్థానంలోనైనా సునాయాసంగా సరిపోతుంది. కాబట్టి స్టెప్నీ గురించి నా అభ్యంతరం బరువు దగ్గర మొదలవలేదని ముందే చెప్పాలి.

అయితే ఇదే తూకం ఇంకో సంగతి కూడా చెబుతుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. రెండు ఇరుసుల ట్రైలర్‌లో ఒక టైరు గాలి పోయిందనుకోండి. లాగుతున్నవాడికి అది వెంటనే తెలియకపోవచ్చు, తెలిసినా రోడ్డు వార చోటు దొరికే దాకా ఒకటి రెండు మైళ్లు నడపక తప్పకపోవచ్చు. అంతసేపూ ఆ పక్కనున్న జత టైరు మీద దాదాపు రెండింటి బరువూ పడుతుంది. ఈ బండికి ఎడమ వైపు అది 1,650, 1,600 కలిపి 3,250 పౌండ్లు, అంటే కొత్త ఇ టైరు హద్దయిన 2,830ను కూడా దాటిపోయిన బరువు. అందుచేత స్టెప్నీ ఎక్కే సమయానికి దాని పక్కనున్న టైరు అప్పటికే దెబ్బతిని ఉండే అవకాశం ఉంది. ఆ పరిస్థితిలో స్టెప్నీ మామూలు చక్రం చేసే పనికన్నా కష్టమైన పనికి దిగుతోంది. అది కూడా చల్లటి ఉదయం ఇంటి ముందు కాదు, మధ్యాహ్నం ఎండలో కాలిపోతున్న రోడ్డు మీద, కుటుంబం అంతా పక్కన నిలబడి ఉండగా.

వీరి దారి ఒడెస్సా దగ్గర ఐ-20 హైవే దిగి, 385వ రహదారి మీద క్రేన్, మెక్కేమీ, ఫోర్ట్ స్టాక్‌టన్, మారథాన్ మీదుగా పోతుంది. మారథాన్ దాటాక పార్కు లోపలి పాంథర్ జంక్షన్ దాకా దాదాపు 70 మైళ్లు ఊరన్నది లేదు. 20 అడుగులు మించిన ట్రైలర్లు చీసోస్ బేసిన్ ఘాట్ రోడ్డుకు తగవు కాబట్టి వాళ్లు ఇంకా ముందుకు, రియో గ్రాండే విలేజ్ దాకా వెళ్లాలి. ఊళ్ల మధ్య తిరిగే బండికి స్టెప్నీ అంత ముఖ్యం కాకపోవచ్చు గానీ ఈ దారిన పోయే బండికి అదే దిక్కు.

కవరు తీశాక

తెల్లటి వినైల్ కవరు పై భాగంలో జానెడు మేర చిరిగి ఉంది. ఆ చిరుగు పడమటి ఎండకు ఎదురుగా ఉంది. కవరు తీసి గేజి పెడితే 31 పీఎస్ఐ చూపించింది. ఈ సైజు టైరు 30 పీఎస్ఐ మీద మోయగలిగేది 1,600 పౌండ్లే, ఎడమ ముందు చక్రం మీద ఉన్నది 1,650. అంటే ఆ రోజు ఆ టైరును ఉన్నదున్నట్టు ఎక్కించి ఉంటే, వయసు మాట పక్కన పెట్టినా, గాలి లెక్కలోనే అది తప్పిపోయేది. టైరు నెలకు ఒకటి నుంచి మూడు పీఎస్ఐ దాకా గాలి వదలడం మామూలే. 2020 నుంచి దానికి ఎవరూ గాలి పట్టలేదని ఆయన ఒప్పుకున్నారు. బంపరు మీద ఉన్నప్పుడు వాల్వు లోపలి వైపుకు తిరిగి ఉండడంతో గేజి పెట్టడమూ కష్టమే. స్టెప్నీకి గాలి చూడకపోవడం బద్ధకం వల్ల కన్నా ఇలాంటి అమరిక వల్లే ఎక్కువ జరుగుతుందని నా అనుభవం.

పట్టి ఉంచే నట్టు తుప్పు పట్టి కదల్లేదు. నూనె కొట్టి 20 నిమిషాలు ఆగాల్సి వచ్చింది. ఇల్లు దాటి 500 మైళ్ల దూరంలో, కారు కిట్‌లోని స్పానరుతో ఆ నట్టు వచ్చేది కాదు. చక్రం దించి తిప్పి చూస్తే లోపలి పక్క డాట్ నంబరు, అంటే టైరు మీద అచ్చు వేసే తయారీ గుర్తు, పూర్తిగా కనిపించింది. ఈ నంబరు చివరి నాలుగు అంకెలు టైరు పుట్టిన వారం, సంవత్సరం చెబుతాయి. 2000 నుంచి ఈ పద్ధతే నడుస్తోంది. చాలా టైర్లకు పూర్తి నంబరు ఒక పక్కనే ఉంటుంది కాబట్టి బయటి నుంచి చూసి తేదీ లేదనుకోకూడదు. ఇక్కడ ఆ అంకెలు 3515, అంటే 2015లో 35వ వారం. మేం చూసే నాటికి ఎనిమిదిన్నరేళ్లు. కింద తిరుగుతున్న నాలుగు టైర్ల మీద 1421 అని ఉంది, అవి మూడేళ్లవి.

ఆయన పక్కన కూర్చుని గ్రిప్పు మీద వేలు పెట్టి చూపించారు. “తమ్ముడూ, ఒక్క మైలు తిరగలేదిది. అచ్చులోంచి వచ్చిన వెంట్రుకలు కూడా రాలలేదు చూడు” అన్నారు. నిజమే, కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు వరసగా అలాగే ఉన్నాయి. నేను ఆ వెంట్రుకను రెండు వేళ్లతో పట్టి వంచాను. కొత్త టైరుదైతే సాగి వెనక్కి పోతుంది. ఇది పుల్లలా టక్కున విరిగింది. ఇంకోటి వంచాను, అదీ విరిగింది. ఆయన కూడా ఒకటి విరిచి చూసి, కాసేపు మాట్లాడలేదు.

కవరు చిరిగిన చోట, సైడ్ వాల్ (టైరు పక్క భాగం) మీద అక్షరాలు ఉబ్బుగా ఉన్న అంచుల వెంట, వడ్లగింజంత పొడవున సన్నటి పగుళ్లు ఉన్నాయి. బొటనవేలితో గట్టిగా నొక్కితే నోళ్లు తెరుస్తున్నాయి గానీ లోపలి దారాలు కనిపించేంత లోతు లేవు. రబ్బరు గట్టిదనం కొలిచే గేజితో చూస్తే కింద తిరుగుతున్న టైర్ల గ్రిప్పు 66, స్టెప్నీ గ్రిప్పు కవరు కింద భాగంలో 74, ఎండ తగిలిన సైడ్ వాల్ దగ్గర 79 చూపించింది. రెండు వేర్వేరు కంపెనీల రబ్బరు కాబట్టి 66ను 74తో నేరుగా పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. ఒకే టైరు మీద 74, 79 మధ్య ఉన్న తేడాలో కూడా సైడ్ వాల్ రబ్బరు, గ్రిప్పు రబ్బరు ఒకటి కావన్న సంగతి కలిసి ఉంది. ఆ అంకెలను నేను సాక్ష్యంగానే తీసుకున్నాను, తీర్పుగా తీసుకోలేదు.

ఆ తర్వాత దాన్ని మా షెడ్డుకు తీసుకెళ్లి, ఇనుప పంజరంలో పెట్టి, పది పది పీఎస్ఐ చొప్పున ఆగి ఆగి గాలి నింపి 65కు తెచ్చాను. చాలాకాలం తక్కువ గాలితో ఉన్న పాత టైరును ఎదురుగా నిలబడి ఒక్కసారిగా నింపకూడదు, ఈ విషయంలో ఎవరి మాటా వినవద్దు. ఒక రోజంతా ఉంచితే ఒక్క పీఎస్ఐ మాత్రమే తగ్గింది. ఎక్కడా ఉబ్బు రాలేదు. సబ్బునీళ్లు పోస్తే వాల్వు మొదట్లో, వంచినప్పుడు మాత్రం, చిన్న బుడగలు వచ్చాయి. అది రబ్బరు వాల్వు, 65 పీఎస్ఐకి మించి దానికి అనుమతి లేదు. టైరు విప్పి లోపలి పొర చూస్తే శుభ్రంగా ఉంది. రిమ్ము కూడా బాగుంది, వెనక 2,830 పౌండ్ల ముద్ర ఉంది.

అంటే నా చేతిలో ఉన్న పరీక్షల్లో ఆ టైరు దాదాపు అన్నీ దాటింది. గ్రిప్పు కింద ఉండే ఉక్కు తీగల పొరల, అంటే స్టీలు బెల్టుల, మధ్య పట్టు ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష, టైరును కోయకుండా, నా షెడ్డులో లేదు. ట్రైలర్ టైరు ప్రాణం ఉండేది సరిగ్గా అక్కడే.

నిలబడ్డ టైరు ఎందుకు ముసలిదవుతుంది

గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. 65 పీఎస్ఐ నింపిన టైరులో, వాతావరణ పీడనం 14.7 కూడా కలుపుకుంటే, లోపలి ఆక్సిజన్ ఒత్తిడి బయటికన్నా 5 రెట్లకు పైనే ఉంటుంది. ఆ ఆక్సిజన్ లోపలి పొరను దాటి, స్టీలు బెల్టుల మధ్యనున్న రబ్బరు గుండా, కొద్దికొద్దిగా బయటికి వస్తూ దారిలో రబ్బరుతో కలుస్తుంది. కలిసినకొద్దీ రబ్బరు సాగే గుణం పోగొట్టుకొని గట్టిపడుతుంది. వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఇలాంటి రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నది అందరూ వాడే లెక్క. ఇందులో ఎక్కడా మైళ్ల ప్రస్తావన లేదు. కాలం, వేడి, లోపలి గాలి ఉంటే చాలు, ఈ మూడూ స్టెప్నీకి కూడా కింది చక్రాలంత ఉన్నాయి.

ఒక విషయంలోనైతే స్టెప్నీ వాటికన్నా నష్టపోతుంది. ఓజోన్ వల్ల పగుళ్లు రాకుండా టైరు రబ్బరులో మైనం, కొన్ని రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి పైకి ఊరి పలచని పొరలా కాపు కాస్తాయి. తిరగని టైరులో ఆ ఊట సరిగా జరగదు. వాడని టైరు ఎప్పటికీ కొత్తదేనన్న మాట చెక్క బీరువాలో పెట్టిన పట్టుచీర విషయంలోనే నిజం కాదు, టైరు విషయంలో ఎలా అవుతుంది!

అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2003లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జనం వాడుతున్న కార్ల టైర్లు సేకరించి పరీక్షలు చేసింది. పూర్తి సైజు స్టెప్నీలు కూడా, రోడ్డెక్కకపోయినా, పట్టు కోల్పోతాయని ఆ పరిశోధనల్లో తేలింది. ఒక బీమా కంపెనీ లెక్కలను కూడా ఆ సంస్థ ప్రస్తావించింది: పాలసీదారుల్లో 27 శాతం మాత్రమే టెక్సస్, కాలిఫోర్నియా, లూయిజియానా, ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాల్లో ఉన్నా, టైర్ల క్లెయిముల్లో 77 శాతం అక్కడి నుంచే వచ్చాయి, వాటిలో 84 శాతం 6 ఏళ్లు దాటిన టైర్లవి. అవి కార్ల టైర్లు, ఇది ట్రైలర్ టైరు, ఆ తేడా నాకు తెలుసు. అయితే ట్రైలర్ టైరు మోసే బరువు దాని హద్దుకు ఇంకా దగ్గరగా ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడు రెండు ఇరుసుల చక్రాలూ నేల మీద పక్కకు ఈడ్చుకుపోతూ బెల్టులను మెలిపెడతాయి. ఈ తేడా నాకు ధైర్యం ఇచ్చేది కాదు.

2019 నాటి పట్టీ

నా వ్యానులో ఒక రబ్బరు పట్టీ ఉంది. 2019 జూలైలో ఒక కస్టమరు, పశ్చిమ టెక్సస్‌లో ఒక టైరు పంచరై, 9 ఏళ్ల నాటి స్టెప్నీ ఎక్కించుకొని బయలుదేరాడు. 41 మైళ్లు పోయాక ఆ స్టెప్నీ గ్రిప్పు మొత్తం ఊడి, తిరుగుతున్న చక్రంతో పాటు కొరడాలా చక్రం గూడును బాదింది. బండి నా దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టిక్ గూడు ముక్కలై, నేల కింది రేకు చీలి, బ్రేకు తీగలు తెగి, పొయ్యికి పోయే గ్యాసు గొట్టం వంగి ఉంది. గొట్టం పగల్లేదు, పగలకపోవడం వాళ్ల అదృష్టం.

ఆ కస్టమరు ఊడిన పట్టీ ముక్కను డిక్కీలో వేసుకొచ్చాడు. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు బాగా గుర్తుండిపోయినది దాని లోపలి వైపు. బలవంతంగా చిరిగిన రబ్బరైతే గరుకుగా, కండలు తెగినట్టు ఉంటుంది. ఇది పుస్తకంలో పేజీ విడిపోయినట్టు నున్నగా ఉంది, తీగల గుర్తులు వరసగా అచ్చు పడి ఉన్నాయి. అంటే రెండు బెల్టులూ ఒకదాన్నొకటి చిరిగే దాకా పట్టుకుని ఉండలేదు, తమంతట తామే విడిపోయాయి. ఆ టైరు గ్రిప్పు మీద కూడా అరుగుదల ఏమీ లేదు.

నేను ఆ పట్టీని తెనాలి ఆయనకు చూపించాను. భయపెట్టాలని కాదు, నేను కోయకుండా కొలవలేనిది ఎలా ఉంటుందో ఆయన కంటితో చూడాలని.

నిర్ణయం

ఎన్నేళ్లకు మార్చాలి అన్నదానికి అందరూ ఒప్పుకునే ఒకే అంకె లేదు. చాలా కార్ల కంపెనీలు 6 ఏళ్లు అంటాయి. టైర్ల కంపెనీల్లో కొన్ని, స్టెప్నీతో సహా ఏ టైరునూ 10 ఏళ్లు దాటి ఉంచవద్దు, 5 ఏళ్ల తర్వాత ఏటా చూపించుకోండి అంటాయి. ట్రైలర్ల పని చేసేవాళ్లలో 3 నుంచి 5 ఏళ్లు అనేవాళ్లే ఎక్కువ. ఈ ఎండల్లో నేను పాటించే హద్దు ఇది: తిరిగే టైర్లకు 5 ఏళ్లు, స్టెప్నీకి ఎంత బాగా కనిపించినా 6 ఏళ్లు. కవరు లేకుండా ఎండలో ఉన్నదైతే, చాలాకాలం తక్కువ గాలితో పడి ఉన్నదైతే, నొక్కితే నోరు తెరిచే పగుళ్లు ఉంటే ఆ 6 కూడా ఇవ్వను. తేదీ తెలియని టైరును, దాన్ని ఇచ్చినవాళ్లు ఎంత నమ్మకస్తులైనా, లెక్కలోకే తీసుకోను.

ఈ టైరు ఎనిమిదిన్నరేళ్లది, అందులో దాదాపు నాలుగేళ్లు ఎవరూ గాలి పట్టకుండా ఉంది, చిరిగిన కవరు కింద పడమటి ఎండ తగిలింది. మరోవైపు ఒక రోజు పరీక్షలో గాలి నిలుపుకుంది, ఉబ్బు లేదు, మోయాల్సిన బరువు దాని హద్దులో మూడింట రెండు వంతులే. ఇదే బండి ఫ్రిస్కో నుంచి 40 మైళ్ల దూరంలోని చెరువు గట్టుకు పోయి వచ్చేదైతే, ఈ నెలకు గాలి పట్టి ఉంచుకొని వచ్చే నెల మార్చుకోండి అని బహుశా చెప్పేవాణ్ని. దారి బిగ్ బెండ్ కాబట్టి చెప్పలేకపోయాను. దాన్ని ఎక్కిస్తే అది 200 మైళ్లు పోయేదేమో కూడా. పోతుందని మాట ఇవ్వడానికి నాకు ఆధారం కనబడలేదు.

మార్చాలని తేలాక, ఎలా మార్చాలన్నది ఇంకో ప్రశ్న. ఆయన ఆలోచన: కొత్త టైరు కొని కింద వేసి, మూడేళ్ల టైర్లలో ఒకదాన్ని స్టెప్నీ చేద్దాం, కొత్తది ఊరికే వేలాడడం ఎందుకు? ఇందులో తప్పేమీ లేదు, చాలామంది చేసేది ఇదే, ఆటోనగర్‌లో అయితే నేనూ అదే చేసేవాణ్ని. ఇక్కడ వద్దన్నాను. స్టెప్నీ ఎక్కే క్షణాన పక్కనున్న జత టైరు 3,250 పౌండ్లు మోసి నలిగి ఉంటుందని పైన చెప్పాను. ఆ జతలో కనీసం ఒకటైనా అనుమానం లేనిది ఉండాలి. కాబట్టి అయిదింటిలో అన్నిటికన్నా కొత్తది బంపరు మీదే ఉండాలి. అలాగని అది అక్కడే ముసలిది కాకూడదు. నాలుగు టైర్లు మార్చే సమయం వచ్చినప్పుడు అది కిందికి దిగాలి, కొత్తగా కొన్న నాలుగింటిలో ఒకటి బంపరెక్కాలి. ఇలా చేస్తే ఖర్చు ఏమీ పెరగదు, కొనే టైర్ల సంఖ్య అంతే, ఏ టైరూ బంపరు మీద రెండు మూడేళ్లు మించి ఉండదు.

టైరు కొనడంలోనూ ఒక చిక్కు వచ్చింది. షాపువాళ్లు మొదట తెచ్చి పెట్టిన కొత్త టైరు తేదీ 2021లోది. గోదాములోనే మూడేళ్లు గడిపింది. దాన్ని వెనక్కి పంపి, 4823 తేదీ ఉన్నదాన్ని, అంటే 2023లో 48వ వారం టైరును, తెప్పించుకున్నాం. లోడ్ రేంజ్ ఇ, 80 పీఎస్ఐ కాబట్టి రబ్బరు వాల్వు తీసేసి లోహపు వాల్వు వేశాను. అన్నీ కలిపి 168 డాలర్లు అయింది. చక్రాన్ని ఈసారి వాల్వు బయటి వైపుకు వచ్చేలా అమర్చాను, పట్టి ఉంచే నట్టు మార్చి గ్రీజు రాశాను, కొత్త కవరు వేయించాను. రిమ్ముతో కలిసి ఆ చక్రం బరువు 55 పౌండ్ల దాకా ఉంటుంది. దాన్ని మోస్తున్న బంపరు గొట్టం వెల్డింగును కూడా చూశాను, బాగానే ఉంది.

వెళ్లే ముందు ఆ దంపతులిద్దరితోనూ ఒకసారి చక్రం మార్పించాను. ట్రక్కుతో వచ్చిన స్పానరు ట్రైలరు నట్లకు పట్టలేదు, 13/16 అంగుళాల సాకెట్ కావలసి వచ్చింది. జాకీని ఇరుసు గొట్టం కింద కాకుండా ఫ్రేము కింద ఎక్కడ పెట్టాలో ఆమె సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నారు. నట్లు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే స్పానరు) బిగించాలని, చక్రం మార్చాక 50 మైళ్లు పోయి ఆగి మళ్లీ బిగించాలని చెప్పాను. ట్రైలర్ టైరు మీద వేరే గుర్తు లేకపోతే గంటకు 65 మైళ్లే దాని హద్దు కాబట్టి, పశ్చిమ టెక్సస్ రోడ్ల మీద 80 బోర్డు కనబడినా అది ట్రక్కుకే గానీ ట్రైలరుకు కాదనుకోమన్నాను.

తర్వాత

ఏప్రిల్ ప్రయాణంలో స్టెప్నీ అవసరం పడలేదు. బండి తిరిగొచ్చాక చూస్తే దానిలో 78 పీఎస్ఐ ఉంది. అవసరం పడలేదు కాబట్టి నా నిర్ణయం సరైందని ఈ ప్రయాణం రుజువు చేయలేదు, తప్పనీ చేయలేదు.

పాత టైరును ఆయన బావమరిది తన గడ్డి కోత మిషను మోసే చిన్న ట్రైలరుకు ఇమ్మని అడిగారు. ఇవ్వనివ్వలేదు, ఆయనకు కొంత కష్టం కలిగించిన మాట నిజం. నా షెడ్డులో దాన్ని రంపంతో అడ్డంగా కోసి, గ్రిప్పు కింది బెల్టులను పటకారుతో పట్టి లాగి చూశాను. మధ్య భాగంలో రబ్బరు గరుకుగా చిరిగింది, పట్టు ఉంది. రెండు అంచుల దగ్గర మాత్రం రెండు వేళ్ల వెడల్పున పొర తక్కువ బలానికే లేచి వచ్చింది, చాలాచోట్ల నున్నగా. ఒక్క టైరును చేత్తో లాగి చూడడం పరీక్ష కాదు, దీన్ని బట్టి 8 ఏళ్ల టైర్లన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను. 2019 నాటి పట్టీ విడిపోవడం మొదలైన చోటు కూడా ఆ అంచే.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు కాబట్టి, ఇప్పుడు ఇలాంటి బండి చక్రాలను యజమాని చూపిస్తే తప్ప చూసేవాళ్లు లేరు. 2025 అక్టోబరులో బేరింగుల పనికి ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను. స్టెప్నీలో 79 పీఎస్ఐ ఉంది. నెలకోసారి గేజి పెడుతున్నారట, కొత్త కవరు లోపలి వైపు మార్కరుతో అయిదు టైర్ల తేదీలూ రాసి పెట్టుకున్నారు. నాలుగు వరసల్లో 1421, అయిదో వరసలో 4823, దాని పక్కన ఆమె చేతిరాతతో “2026 ఏప్రిల్‌లో కిందికి”.